ఓటీపీ అడగని దొంగ

2024 జూన్ 8వ తేదీ, రెండవ శనివారం. ఎన్నికల ఫలితాలు వెలువడి నాలుగు రోజులే అయినందున అనంతపురంలో ఆ వారమంతా నలుగురు కూడిన చోటల్లా అదే మాట నడుస్తూ ఉండేది. నేను కూడా తెల్లవారుజామున ఐదు గంటలకు లేచి, ఆర్ట్స్ కళాశాల మైదానానికి నడకకు వెళ్ళేముందు వార్తలు చూద్దామనే ఫోను చేతిలోకి తీసుకున్నాను. వార్తల కంటె ముందు నా క్రెడిట్ కార్డు తాలూకు మూడు సందేశాలు కనబడ్డాయి. రాత్రి 1.52కు 12,480 రూపాయలు, 1.58కి 13,920 రూపాయలు, 2.07కు 14,860 రూపాయలు. మొత్తం 41,260 రూపాయలు. ఖర్చయిన చోటు నేనెన్నడూ పేరు వినని ఒక విదేశీ సైటు. ఆ సమయానికి నేను గాఢ నిద్రలో ఉన్నాను. కార్డు బీరువాలో మా ఇంటావిడ పట్టుచీరల అడుగున ఉంది, ఫోను నా తలగడ పక్కనే ఉంది. ఒక్క ఓటీపీ కూడా రాలేదు.

ఆ ఆఖరి సంగతే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ముప్పై ఏళ్ళు కళాశాలలో గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. కార్డుల గురించి ఎవరు అడిగినా "ఓటీపీ ఎవరికీ చెప్పకండి, ఇక మీకేమీ కాదు" అని ధైర్యంగా చెప్పేవాడిని. మన దేశంలో ఇంటర్నెట్‌లో కార్డుతో చెల్లించేటప్పుడు కార్డు మీద ముద్రించిన వివరాలతో పాటు రెండో తనిఖీ కూడా ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి నియమం పెట్టింది. అనేక దేశాల కంటె ముందుగా మనం పెట్టుకున్న కట్టుదిట్టం అది, అందులో గర్వపడవలసింది నిజంగానే ఉంది. అయితే ఆ నియమం మన దేశపు వ్యాపారి, మన దేశపు బ్యాంకు ద్వారా డబ్బు పుచ్చుకునే లావాదేవీలను కట్టడి చేస్తుందే తప్ప, వేరే దేశంలో కూర్చున్న వ్యాపారి మెడ వంచలేదు. అక్కడి సైట్లలో చాలావాటికి కార్డు నంబరు, గడువు తేదీ, వెనుక ఉండే మూడంకెల సీవీవీ ఇస్తే చాలు, డబ్బు వెళ్ళిపోతుంది. మన ఊళ్ళో ఓటీపీ లేకుండా కదలని కార్డే సరిహద్దు దాటగానే పదహారు అంకెల చీటీగా మిగిలిపోతుందని నాకు ఆ తెల్లవారుజామున తెలిసివచ్చింది.

ఇంకొక సంగతి కూడా ఆ రోజే గుర్తుకు వచ్చింది. అంతకు మూడు రోజుల ముందు, బుధవారం సాయంత్రం, ఒక డాలరు ఖర్చయినట్లు, అంటే మన లెక్కలో సుమారు 84 రూపాయలు పోయినట్లు ఒక సందేశం వచ్చింది. మా అమ్మాయి ఫోనులో వేసి ఇచ్చిన ఏదో యాప్ తాలూకు నెలవారీ చందా అయివుంటుందనుకుని పక్కన పెట్టేశాను. కార్డు నంబర్లు కొనుక్కున్న దొంగ, లేదా లెక్కగట్టి పట్టుకున్న దొంగ, ముందుగా అందులో ప్రాణం ఉందా లేదా అని చూసుకోవడానికి ఇటువంటి చిల్లర మొత్తాన్నే లాగుతాడు. అది పారితే రెండు మూడు రోజులు ఆగి, కార్డుదారు నిద్రపోయే వేళ చూసి, పెద్ద మొత్తానికి చేయి వేస్తాడు. కోళ్ళ గంపలోకి పాము ముందు తల మాత్రమే పెట్టి చూస్తుందని మా జేజి చెప్పేది. ఆ బుధవారం నాటి 84 రూపాయలు పాము తల. నేను దాన్ని చూసి కూడా ఊరకున్నాను.

కార్డును ఆపించడానికి ఫోను చేయవలసిన నంబరును గూగుల్‌లో వెతకలేదు. దొంగలు బ్యాంకుల పేరుతో తమ నంబర్లను వెతుకులాటలో ముందు కనబడేలా పెట్టి, కంగారులో ఉన్నవాణ్ణి రెండోసారి దోచుకుంటారని చదివి ఉన్నాను గనుక, పట్టుచీరలు కదిల్చి కార్డు బయటకు తీసి, దాని వెనుక అచ్చయిన నంబరుకే చేశాను. యంత్రపు గొంతులు నాలుగైదు మలుపులు తిప్పిన తరువాత ఒక మనిషి దొరికాడు. నా మాట పూర్తిగా వినకుండానే "సార్, ఓటీపీ ఎవరికైనా చెప్పినారా?" అని అడిగాడు. లేదన్నాను. కార్డు ఆపి, ఫిర్యాదు రాసుకునేటప్పుడు మళ్ళీ అడిగాడు. చివర్లో "బాగా గుర్తు తెచ్చుకోండి సార్" అని మూడోసారి అడిగాడు. రానే రాని ఓటీపీని ఎవరికి చెప్పగలను? ఆయన మీద కోపం లేదు, ఆ ప్రశ్న ఆయన ముందున్న కాగితంలో రాసి ఉంటుంది. కానీ డబ్బు పోగొట్టుకున్నవాడు తాను దొంగ కాదని, తెలివితక్కువవాడు కూడా కాదని ముందుగా నిరూపించుకోవలసి రావడం ఎలా ఉంటుందో ఆ పది నిమిషాల్లో అనుభవమైంది. ఫిర్యాదు సంఖ్య అడిగి తీసుకుని, సమయంతో సహా డైరీలో రాసుకున్నాను. ఆ వెంటనే కేంద్ర హోం శాఖ నడిపే 1930 నంబరుకు ఫోను చేసి అక్కడ కూడా నమోదు చేయించాను. అక్కడి నుంచి మరొక నమోదు సంఖ్య సందేశంగా వచ్చింది. తక్కిన వివరాలు, బ్యాంకు సందేశాల ప్రతులు వారి సైటులో నేనే ఎక్కించాను.

ఇంతకీ దొంగకు దారి ఎక్కడ దొరికిందన్నది మా అమ్మాయి నాతో ఫోనులో మాట్లాడుతూ పట్టుకుంది. "నాన్నా, బ్యాంకు యాప్ తెరిచి కార్డు సెట్టింగులు చూడు" అంది. అంతర్జాతీయ చెల్లింపులు అన్న చోట మీట ఆకుపచ్చగా వెలుగుతూ ఉంది. దాన్ని తెరిచింది నేనే. 2023 డిసెంబరులో అమ్మాయి అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు పెట్టుకుంది. ఒక్కొక్క దానికి రుసుము డాలర్లలో కట్టవలసి ఉండగా, ఆ మీట తెరిస్తే తప్ప కార్డు పని చేయలేదు. పని అయిపోయింది, ఆమెకు సీటు వచ్చింది, మేము ఇంట్లో ఓలిగలు చేసుకుని తిన్నాము, మీట మాత్రం ఆరు నెలలు అలాగే తెరిచి ఉండిపోయింది. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. అది నా గురించే అంటారనుకోలేదు.

ఈ మీటలు ఊరకే వచ్చినవి కావు. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. దాని ప్రకారం, కొత్తగా ఇచ్చే కార్డు దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల్లోని యంత్రాల మీద మాత్రమే పని చేసే స్థితిలో చేతికి రావాలి. ఇంటర్నెట్ చెల్లింపు, విదేశీ చెల్లింపు, కార్డు తాకించి చేసే చెల్లింపు, ఈ మూడింటిని కార్డుదారు తానే కావాలనుకుని తెరుచుకోవాలి. వాటిని ఇరవై నాలుగు గంటలూ తెరిచే, మూసే, పరిమితి తగ్గించే సదుపాయం బ్యాంకు ఇవ్వాలి. కరోనా కారణంగా గడువు పెరిగి ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఇది అమలులోకి వచ్చింది. కార్డుల భద్రత విషయంలో సామాన్యుడి చేతికి వచ్చిన ఆయుధాల్లో నా దృష్టిలో ఇంతకంటె పనికివచ్చేది మరొకటి లేదు. అయినా బ్యాంకులు దీని గురించి చెప్పేది చాలా తక్కువ. బహుమతి పాయింట్ల గురించి వారానికి రెండు సందేశాలు పంపే బ్యాంకు, "మీ విదేశీ మీట ఆరు నెలలుగా తెరిచి ఉంది, అవసరమా?" అని ఒక్క సందేశం పంపి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మీట సంగతి సరే, నంబరు ఎలా బయటకు పోయింది? కచ్చితంగా చెప్పగల స్థితిలో నేను లేను. ఇంటర్నెట్ దుకాణాల చెల్లింపు పేజీలోనే దొంగలు చిన్న కోడ్ ముక్కను దాచిపెట్టి, మనం అంకెలు కొడుతుండగానే తమకు ఒక ప్రతి చేరేలా చేసుకోవడం ఒక దారి. అడ్రసు పక్కన తాళం బొమ్మ కనబడినంత మాత్రాన ఇది ఆగదు, ఎందుకంటే ఆ తాళం మనకూ సైటుకూ మధ్య దారిలో ఎవరూ వినలేరని చెబుతుందే తప్ప, ఆ సైటు నడిపేవాడు దొర అని గానీ దొంగ అని గానీ చెప్పదు. నకిలీ బ్యాంకు సైట్లకు కూడా ఆ తాళం ఉంటుంది. ఈ తలనొప్పి చూసే కాబోలు, బ్యాంకులకు మాత్రమే దొరికే 'బ్యాంక్ డాట్ ఇన్' అన్న ప్రత్యేక చిరునామాను తెస్తున్నట్లు రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఇక వ్యాపారుల దగ్గర, మధ్యవర్తి సంస్థల దగ్గర దాచిన నంబర్లు మూటలుగా పోవడం మరొక దారి. 2016లో మన దేశంలోనే సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు ప్రమాదంలో పడినట్లు బయటపడి, బ్యాంకులు కార్డులు మార్చవలసి వచ్చింది. ఏటీఎంల వెనుక పని చేసే ఒక చెల్లింపుల సేవా సంస్థ యంత్రాంగంలో చేరిన మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాం, దానికి మూలం. కార్డుదారులు చేసిన తప్పు అందులో ఏమీ లేదు.

మూడో దారి నన్ను గణితం మాస్టారుగా ఆకట్టుకున్నది, అందుకని కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి. కార్డు నంబరులోని పదహారు అంకెలు చిత్తం వచ్చినట్లు వేసినవి కావు. మొదటి ఆరు లేదా ఎనిమిది అంకెలు వీసా, మాస్టర్‌కార్డ్ వంటి వాటిలో ఏ నెట్‌వర్క్, ఏ బ్యాంకు, ఏ రకం కార్డు అన్నది చెబుతాయి. అవి రహస్యమేమీ కాదు. చివరి అంకె తక్కిన పదిహేనింటి నుంచి లెక్కగట్టి వచ్చేది. ఐబీఎం ఇంజినీరు హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు దరఖాస్తు చేసిన పద్ధతి అది. పదహారు అంకెల నంబరులో ఎడమ నుంచి మొదటిది, మూడోది, ఐదోది ఇలా బేసి స్థానాల్లో ఉన్న అంకెలను రెట్టింపు చేయాలి, రెట్టింపు తొమ్మిది దాటితే అందులోంచి తొమ్మిది తీసేయాలి, తరువాత అన్నిటినీ కూడాలి. మొత్తం పదితో నిశ్శేషంగా భాగించబడితే నంబరు సరైన రూపంలో ఉన్నట్లు. ప్రోగ్రామర్లు పరీక్షల కోసం వాడే 4111 1111 1111 1111 అన్న నంబరును తీసుకోండి. బేసి స్థానాల్లో ఒక 4, ఏడు 1లు ఉన్నాయి, రెట్టింపు చేస్తే 8, 14, కలిపి 22. సరి స్థానాల్లోని ఎనిమిది 1లు కలిస్తే 30. సరిపోయింది. రాసేటప్పుడు ఒక అంకె తప్పు పడితే ఈ లెక్క తప్పకుండా పట్టేస్తుంది. పక్క పక్క అంకెలు తారుమారైనా దాదాపు ఎల్లప్పుడూ పడుతుంది, 09ని 90గా గానీ 90ని 09గా గానీ రాసిన సందర్భంలో తప్ప. తరగతిలో చెప్పుకోదగ్గ ముచ్చటైన పాఠం. కానీ ఇది పొరపాట్లను పట్టడానికి పుట్టిన పద్ధతి, దొంగలను పట్టడానికి కాదు. ముందటి అంకెలు తెలిసి, చివరి అంకె లెక్కకు దొరికేది అయినప్పుడు, సరైన రూపంలో ఉండే నంబర్లను కంప్యూటరు కోట్ల కొద్దీ తయారు చేయగలదు.

అయితే నంబరు ఒక్కటే సరిపోదు గదా, గడువు తేదీ, సీవీవీ కావాలి గదా అని అడుగుతారు. నేను కూడా అదే అనుకున్నాను. కార్డు ఐదేళ్ళకు ఇస్తారనుకుంటే గడువు నెల 60 రకాలుగా ఉండవచ్చు, మూడంకెల సీవీవీ 1,000 రకాలుగా ఉండవచ్చు, రెండింటినీ గుణిస్తే 60,000. అన్నిసార్లు ప్రయత్నించేలోగా ఏ సైటైనా తలుపు మూసేస్తుంది. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఇక్కడే ఉన్న కిటుకును బయటపెట్టారు. కొన్ని సైట్లు నంబరు, గడువు తేదీ మాత్రమే అడుగుతాయి, సీవీవీ అడగవు. అటువంటి చోట్ల ముందు గడువు తేదీని వెతికితే గరిష్ఠంగా 60 ప్రయత్నాలు. అది దొరికాక సీవీవీ అడిగే సైట్లకు వెళ్ళి దాన్ని వెతికితే గరిష్ఠంగా 1,000. గుణకారం కాస్తా కూడిక అయిపోయింది, 60,000 కాస్తా 1,060 అయిపోయింది. ఆ ప్రయత్నాలను ఒకే సైటులో కాకుండా వందల సైట్లకు తలా కొన్నిగా పంచితే ఏ ఒక్క సైటుకూ అనుమానం రాదు. ఈ విధంగా కొన్ని సెకన్లలోనే కార్డు వివరాలన్నీ రాబట్టవచ్చునని వారు చూపించారు. మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్ ఈ వెతుకులాటను పసిగట్టిందని, వీసా నెట్‌వర్క్ అప్పట్లో పసిగట్టలేదని కూడా రాశారు. మన ఓటీపీ వంటి రెండో తనిఖీ ఉన్న సైటులో ఈ ఎత్తు పారదు. అది లేని సైట్లు ప్రపంచంలో ఉన్నన్నాళ్ళు, విదేశీ మీట తెరిచి ఉన్న కార్డుకు మాత్రం ఈ లెక్క వర్తిస్తూనే ఉంటుంది. ముప్పై ఏళ్ళు సంభావ్యత పాఠం చెప్పి కూడా గుణకారం కూడికగా మారే చోటును నేను ఊహించలేకపోయాను.

నంబర్లు వ్యాపారుల దగ్గర నిల్వ ఉండే ఇబ్బందికి మాత్రం మన దేశంలో ఒక మంచి మందు వేశారు. 2022 అక్టోబరు 1 నుంచి ఇంటర్నెట్ వ్యాపారులు మన కార్డు నంబరును దాచుకోకూడదు, దాని బదులు టోకెన్ మాత్రమే ఉంచుకోవాలి. టోకెన్ అంటే కదిరి నరసింహస్వామి గుడి దగ్గర చెప్పులు వదిలి తీసుకునే బిళ్ళ వంటిది. ఆ బిళ్ళ ఆ స్టాండులోనే చెల్లుతుంది, వేరే స్టాండుకు తీసుకువెళితే నవ్వుతారు. ఒక దుకాణంలో దాచిన టోకెన్‌ను దొంగిలించినవాడికి అది మరొక దుకాణంలో పనికిరాదు. ఈ కారణంగానే "మీ కార్డును నిబంధనల ప్రకారం భద్రపరచమంటారా?" అని సైటు అడిగినప్పుడు ఇప్పుడు నేను సరేనంటున్నాను. ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టడం కంటె అదే మేలు, ఎందుకంటే అంకెలు కొట్టిన ప్రతిసారీ పేజీలో దాగిన కోడ్‌కు మరొక అవకాశం ఇచ్చినట్లు.

డబ్బు విషయానికి వస్తాను. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ఒకటి అప్పుడు అమలులో ఉంది. మన ప్రమేయం లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో నష్టం ఎవరు భరించాలన్నది అందులో తేల్చారు. తప్పు బ్యాంకుదైతే మనం ఎప్పుడు చెప్పినా నష్టం బ్యాంకుదే. తప్పు బ్యాంకుదీ కాదు, మనదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగిందనుకుంటే, బ్యాంకు సందేశం వచ్చిన తరువాత మూడు పనిదినాల లోపల చెబితే మన మీద ఒక్క రూపాయి కూడా పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల లోపల చెబితే, ఐదు లక్షల పరిమితి లోపలి క్రెడిట్ కార్డుకు ఒక్కొక్క లావాదేవీ మీద 10,000 రూపాయల వరకు మన నెత్తిన పడుతుంది. ఒక్కొక్క లావాదేవీ మీద అన్న మాటను చాలామంది చూడరు. నావి మూడు లావాదేవీలు, మూడూ పదివేలు దాటినవే. అంటే నాలుగో పనిదినం దాకా బద్ధకిస్తే 30,000 రూపాయల నష్టం నాదే. ఏడు దాటితే ఇక ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానం ఏమంటే అది. సందేశం వచ్చిన రోజును లెక్కలో కలపరు, సెలవులనూ కలపరు. నాకు సందేశం వచ్చింది రెండో శనివారం, మరునాడు ఆదివారం, కాబట్టి సోమ, మంగళ, బుధవారాలు నా గడువు. నేను అదే ఉదయం చెప్పాను గనుక ఆ గడువుతో పని పడలేదు. ఆ బుధవారం నాటి ఒక్క డాలరు మాత్రం వేరే సందేశం, దాని గడువు అప్పటికే పరుగెడుతూ ఉంది. అందుకని ఫిర్యాదులో దాన్ని కూడా చేర్చమని అడిగాను.

ఫిర్యాదు అందిన పది పనిదినాల్లోగా బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మన ఖాతాలో వేయాలని అదే ఆదేశం చెబుతుంది. జూన్ 20న వేశారు. తొంభై రోజుల్లోగా తేల్చాలి. ఆగస్టు చివర్లో, తాత్కాలికంగా వేసిన ఆ డబ్బు ఇక పూర్తిగా నాకే చెందుతుందని ఉత్తరం వచ్చింది. అంతా అయిపోయిందనుకుని బిల్లు చూస్తే, విదేశీ చెల్లింపుల మీద బ్యాంకు వేసే మూడున్నర శాతం రుసుము, దానిమీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, కలిపి సుమారు 1,700 రూపాయలు అలాగే కూర్చుని ఉన్నాయి. దొంగ సొమ్ము తిరిగి వచ్చింది, దొంగతనం మీద బ్యాంకు వసూలు చేసిన సేవారుసుము మాత్రం రాలేదన్నమాట! రెండు ఉత్తరాలు రాశాక అది కూడా వచ్చింది. మొదటి 41,260 రూపాయల కోసం పడినదాని కంటె ఈ 1,700 కోసం పడిన శ్రమే ఎక్కువ.

నా సంగతి తెలిసిన తరువాత మా వీధిలో కిరాణా కొట్టు నడిపే అక్క ఒక రోజు, 2025 సంక్రాంతికి ముందు, కొట్టు మూసి మా ఇంటికి వచ్చింది. బ్యాంకువారు ఆమె డిపాజిట్ మీద ఒక క్రెడిట్ కార్డు అంటగట్టారు. ఒకడు ఫోను చేసి, బహుమతి పాయింట్లు ఆ రోజుతో పోతాయని చెప్పి, ఫోను తెరను దూరం నుంచి చూడగలిగే యాప్ ఒకటి ఆమె చేతే వేయించి, ఒక ఓటీపీ ఆమె నోటితోనే చెప్పించుకున్నాడు. ఉదయం 11.20కి 18,000 రూపాయలు పోయాయి. సందేశం చూసి అనుమానం వచ్చి, 11.42కు ఆమె శాఖకు ఫోను చేసింది. సోమవారం వచ్చి కాగితం రాసివ్వమన్నారు. 12.15కు ఇంకొక 8,500 పోయాయి. ఆ రెండో ఓటీపీని ఆమె ఎవరికీ చెప్పలేదు, యాప్ ద్వారా వాడే తెర మీద చదువుకున్నాడు.

"సార్, వాడు నా పేరు, ఊరు, కార్డు కడాకు నాలుగు నెంబర్లు అన్నీ తప్పులేకుండా చెప్పినాడు. బ్యాంకోళ్ళకు గాకుండా అవి ఎవురికి తెలుస్తాయి?" అని ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఓటీపీ చెప్పడం కార్డుదారు నిర్లక్ష్యం కిందికి వస్తుందని, అటువంటప్పుడు బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టమంతా కార్డుదారుదేనని ఆదేశంలో స్పష్టంగా ఉంది. చట్టం అక్కడ గీత గీసింది, నేను దాన్ని చెరపలేను. కానీ ఆ గీతకు అటువైపు నిలబడ్డ మనిషిని చూశాక, ఆ గీత ఇంత తేలికగా గీయవలసింది కాదని నాకు అనిపిస్తోంది. ఆమె పేరు, కార్డు చివరి అంకెలు దొంగ చేతికి ముందే చేరాయంటే ఎక్కడో ఎవరో నిర్లక్ష్యం చూపారు, ఆ నిర్లక్ష్యానికి ఖరీదు కట్టినవారు లేరు. పైగా ఆ ఓటీపీ సందేశంలో "ఇంత మొత్తం, ఫలానా చోట ఖర్చు చేయడానికి" అని వివరంగానే ఉంది, ఇంగ్లీషులో ఉంది. అక్క తెలుగు పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆమెకు ఆ సందేశంలో అర్థమైనవి ఆరు అంకెలు మాత్రమే, దొంగ అడిగింది కూడా ఆ ఆరు అంకెలనే. తెలుగునాట కార్డు అమ్మేటప్పుడు తెలుగులో మాట్లాడే బ్యాంకు, హెచ్చరించేటప్పుడు మాత్రం ఇంగ్లీషులోకి ఎందుకు మారుతుంది?

ఆదేశంలో ఆమెకు పనికివచ్చే వాక్యం ఒకటి ఉంది. బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే. కార్డుదారుది తప్పు అని నిరూపించవలసిన బాధ్యత కూడా బ్యాంకుదే. 18,000 రూపాయల సంగతి ఎలా ఉన్నా, 11.42 తరువాత పోయిన 8,500 నష్టం ఆమెది కాదు. అయితే ఆ ఫోనులో ఆమెకు ఫిర్యాదు సంఖ్య ఏదీ ఇవ్వలేదు. అదృష్టం కొద్దీ ఆమె ఫోనులో శాఖ నంబరుకు చేసిన పిలుపు, సమయం, నాలుగు నిమిషాల నిడివి చెరిగిపోకుండా ఉన్నాయి. వాటిని ఫోటో తీయించి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించాను. రెండు లావాదేవీలూ ఓటీపీతో జరిగినవే కాబట్టి బాధ్యత మీదేనని ఫిబ్రవరిలో నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. 11.42 ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.

బ్యాంకు జవాబు నచ్చకపోయినా, ముప్పై రోజుల్లో జవాబే రాకపోయినా బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి, అంటే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళవచ్చు. 2021 నవంబరులో అంబుడ్స్‌మన్ పథకాలన్నిటినీ ఒకటి చేశారు. కాగితం మీద రాసే ఫిర్యాదులన్నిటినీ చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కార్యాలయం తీసుకుంటుంది, ఏ భాషలో రాసినా తీసుకుంటుంది. ఇంగ్లీషులో నేను రాసిపెడతానన్నాను. అక్క ఒప్పుకోలేదు. "వాడు నాతో తెలుగులోనే మాట్లాడినాడు సార్, నేనూ తెలుగులోనే రాస్తా" అంది. రెండు రోజులు కొట్టులో బేరాల మధ్య కూర్చుని, రూళ్ళ కాగితం మీద మూడు పేజీలు తన చేతితో రాసింది. నేను తేదీలు, సమయాలు, ఆదేశం తేదీ మాత్రం సరిచూశాను. మార్చి రెండో వారంలో ఇద్దరమూ పెద్ద పోస్టాఫీసుకు వెళ్ళి రిజిస్టర్ పోస్టులో పంపాము. అందినట్లు సంతకంతో కార్డు తిరిగి వచ్చింది. దాన్ని అక్క గల్లాపెట్టె లోపలి మూతకు అంటించి ఉంచింది.